సున్నపుబట్టీ వీధి లెవెల్

రేవుపాలెం పురపాలక సంఘం వారు ఊరికి నీళ్ళివ్వలేకపోయినా ఆట ఇచ్చారు. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, ఆట బాగుంది. పేరు 'గలగల'. ఫోను తెర మీద పైన గోదావరి, కింద ఒక ఇల్లు, మధ్యలో చెల్లాచెదురుగా పైపు ముక్కలు, వాల్వులు. వేలితో ముక్కల్ని తిప్పి ఒకదానికొకటి కలిపితే గోదారి నీళ్ళు గలగలమంటూ వచ్చి ఇంటిముందున్న బిందెలో పడతాయి. బిందె నిండగానే గంట మోగుతుంది. 'పౌరులలో నీటి సరఫరా పట్ల సదవగాహన' అనే పద్దు కింద పుట్టిన ఆట ఇది. ఊళ్ళో ఎన్ని వీధులున్నాయో ఆటలో అన్ని లెవెళ్ళు. ఊరంటే గోదారి గట్టునే ఉంది. గట్టెక్కి చూస్తే అవతలి ఒడ్డు కంటికి ఆనదు, గట్టు దిగితే కుళాయిలో చుక్క ఉండదు.

ఆ లెవెళ్ళు కట్టిన మనిషి పేరు కాదంబరి. హైదరాబాదులో పజిల్ గేములు చేసే కంపెనీలో పనిచేసి, పెళ్ళయ్యాక రేవుపాలెం కోడలై, ఇంట్లో కూర్చునే అదే పని చేసుకుంటోంది. భర్త కిరీటి మందుల కంపెనీ ప్రతినిధి, వారంలో సగం బస్సుల్లోనే గడుస్తుంది. ఇంట్లో మిగిలేది ఆమె, అత్తగారు మాణిక్యాంబ, ఖాళీ బిందెలు. వాళ్ళుండే సున్నపుబట్టీ వీధి ఊరి చివర. కుళాయి లేదని అనడానికి వీల్లేదు, ఉంది. అందులోంచి గాలి వస్తుంది. ఒకసారి తొండ కూడా వచ్చింది. ట్యాంకరు వచ్చినప్పుడు మాత్రం వీధి వీధంతా పరుగు. కిందటి వేసవిలో ఆ పరుగులోనే మాణిక్యాంబ జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు గానీ ఆ చెయ్యి మళ్ళీ బిందె ఎత్తలేదు.

కాదంబరి ఈ పని ఒప్పుకున్నది అందుకే. "ఆట చక్కగా చేసిపెట్టమ్మా, మీ వీధి సంగతి నేను చూస్తాను," అన్నారు కమిషనర్ భుజంగరావుగారు. అన్నమాట నిలబెట్టుకున్నారు. ఒక ఆదివారం కారు అద్దం దించి వీధిని ఆసాంతం చూసి, అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయారు.

ఆట విడుదలయింది. రేవుపాలెం ప్రజలకి తీరిక ఎక్కువ, కసి ఇంకా ఎక్కువ. నెల తిరక్కుండానే ఊరంతా అన్ని వీధులకీ నీళ్ళు తెచ్చేసింది. ఇక్కడే వచ్చింది తంటా. "టిఫిన్ తినేలోపు నేను మా వీధికి నీళ్ళు తెచ్చేశానండి. తమరు ఇన్నేళ్ళుగా ఏం చేస్తన్నట్టండీ?" అని జనం ఆఫీసుకొచ్చి ఫోను చూపించి మరీ అడగడం మొదలుపెట్టారు.

కమిషనర్‌గారు అత్యవసర సమావేశం పెట్టారు. దాని పేరు 'కాఠిన్య సాధన ఉపసంఘం'. కమిషనర్‌గారికి కుడిపక్క నీటి సరఫరా ఇంజనీరు నూకరాజు, ఎడమపక్క లెక్కల అధికారి సోమలింగం, ఎదురుగా కాదంబరి.

"ఈ ఆట ద్వారా ప్రజలలో నీరు తేలికగా వస్తుందనే దురభిప్రాయం ప్రబలుతున్నది," అన్నారు కమిషనర్‌గారు. ఆయన మామూలుగా మాట్లాడినా ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. "కావున ఆటను కఠినతరం చేయవలసిన ఆవశ్యకత ఏర్పడినది."

"కొత్త లెవెళ్ళు కట్టమంటారా సార్?" అంది కాదంబరి.

సోమలింగం ఉలిక్కిపడ్డాడు. "కొత్తవి అనకండమ్మా! కొత్తది అంటే పైనుంచి అనుమతి రావాలి. ఆ మాట ఈ గదిలో అనడానిక్కూడా అనుమతి లేదు. ఉన్నవాటినే మళ్ళీ చెయ్యండి. మొన్న వేసిన రోడ్డుని నిన్న తవ్వి ఇవాళ వేస్తున్నామా లేదా? అది మరమ్మతు. మరమ్మతుకి ఎవర్నీ అడగక్కర్లేదు."

"అయితే అవే లెవెళ్ళు రెండోసారి వస్తాయి, ఇంకొంచెం కష్టంగా. అంతేనా?"

"అంతే. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఉన్నదాన్ని కష్టం చేస్తే మరమ్మతు కిందకి వస్తుంది. సులభం చేస్తే మాత్రం అభివృద్ధి. అభివృద్ధికి అనుమతి కావాలి."

కాదంబరి ఆయన మొహంలోకి చూసింది, నవ్వుతున్నాడేమోనని. లేదు. పాతికేళ్ళ సర్వీసులో ఆయన ఏ పద్దునీ నవ్వుతూ చెప్పలేదు.

ఆమె తన పని గురించి ఒక మాట చెప్పాలనుకుంది. పనంటే ఆమెకి ప్రేమ, అదే ఆమె కొంప ముంచింది. "కష్టమైన లెవెల్ అంటే ఆడేవాళ్ళని ఏడిపించేది కాదు సార్. ఓడిపోతే 'ఛ, తప్పు నాదే' అనిపించాలి. ఆట మీద కోపం రాకూడదు. అప్పుడే మళ్ళీ ఆడతారు."

కమిషనర్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఏమన్నారూ? నీరు రాకపోతే తప్పు తనదే అని పౌరుడికి అనిపిస్తుందా?"

"ఆటలో సార్."

"అమ్మా, నేను ముప్ఫై ఏళ్ళుగా వెతుకుతున్నది ఇదేనమ్మా," అన్నారాయన. ఆయన కళ్ళు చెమర్చాయి. రేవుపాలెంలో ఆ వేసవిలో కనిపించిన నీళ్ళు అవే.

రెండో ఆవృత్తి తయారైంది. కాఠిన్యం కోసం ఎవరికి తోచింది వాళ్ళు సెలవిచ్చారు. నూకరాజు సలహా మీద, ఆటగాడు పైపులన్నీ కలిపే సమయానికి ఒక పొక్లెయిన్ వచ్చి మధ్య పైపు తెంపుకుపోతుంది. సోమలింగం సలహా మీద, కాసేపటికొకసారి 'భోజన విరామం' అని పడి, ముక్కలు ఎంత తిప్పినా తిరగవు. ఒక వీధివారు తిప్పి గెలిచిన వాల్వును మరొక వీధివారు తిప్పరాదన్నది స్వయానా కమిషనర్‌గారి సలహా. ఎవరి దారి వారే వెతుక్కుంటే ప్రజల్లో పోటీతత్వం పెరుగుతుందని ఆయన ఆశయం.

దానికి తోడుగా ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. ఇకమీదట నీటి ఎద్దడిపై ఫిర్యాదు చేయదలచిన పౌరుడు ముందుగా తన వీధి లెవెల్ పూర్తిచేసి, సమస్యపై అవగాహన నిరూపించుకోవలెను. లెవెల్ పూర్తయిన క్షణం నుంచి ఆ వీధికి నీరు చేరినట్లుగా భావించి, సిబ్బంది తదనుగుణంగా వ్యవహరించవలెను.

కాదంబరి ఉత్తర్వుని రెండుసార్లు చదివింది. "ఓడిపోతే ఫిర్యాదు చెయ్యకూడదు, గెలిస్తే ఫిర్యాదే ఉండదు. మరి ఫిర్యాదు చేసేదెవరు సార్?"

"ఎవరూ లేరు కదా!" అన్నారు కమిషనర్‌గారు మురిసిపోతూ. "సంపూర్ణ సంతృప్తి అంటే అదేనమ్మా."

నిజంగానే ఫిర్యాదుల విభాగం బోసిపోయింది. గుమాస్తాలు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. పైవాళ్ళు రేవుపాలేన్ని మెచ్చుకుని, 'సంపూర్ణ జలతృప్త పట్టణం'గా ప్రకటించడానికి ఒక బృందాన్ని పంపుతామన్నారు. పక్క మునిసిపాలిటీలవాళ్ళు వచ్చి ఆట చూసి, తమ ఊళ్ళో వీధిదీపాలకి ఇలాంటిది కుదురుతుందా అని వాకబు చేసి వెళ్ళారు.

అయితే రేవుపాలెం జనాన్ని తక్కువగా అంచనా వెయ్యకూడదు. బస్టాండు పక్కన 'గలగల కోచింగ్ సెంటర్' వెలిసింది. పొక్లెయిన్ వచ్చే ముందు తెర మీద కొంచెం దుమ్ము లేస్తుందని అక్కడ కనిపెట్టారు. భోజన విరామంలో తామూ భోంచేసి వచ్చి ఆడడం నేర్చుకున్నారు. రెండో ఆవృత్తీ కూలిపోయింది. ఊరంతా గెలిచింది, ఊరంతటికీ నీరు చేరినట్లు భావించడమైంది, ఊరంతా ట్యాంకరు కోసం పరిగెత్తుతోంది. మళ్ళీ ఫోన్లు పట్టుకుని ఆఫీసు మెట్ల మీదకి చేరారు.

"ఇంకా కఠినంగా," అన్నారు కమిషనర్‌గారు.

"ఇంతకంటే కష్టం నాకు తోచడంలేదు సార్," అంది కాదంబరి. నిజం చెప్పింది. మనసు ఒప్పుకోవడం కూడా లేదు. రోజూ పొద్దున్నే అత్తగారు కుడిచేత్తో చిన్న చెంబు పట్టుకుని ట్యాంకరు దగ్గరికి నడవడం చూస్తూ, ఇంట్లో కూర్చుని ఊరికి నీళ్ళు అందకుండా చెయ్యడమే పని అయితే ఎవరికి మాత్రం చేతులాడతాయి?

అప్పుడు నూకరాజుకి ఆలోచన తట్టింది. "మన ఊరి పైపులైన్ల పటం ఉంది కదండీ, పొక్లెయినూ, భోజన విరామమూ అలాగే ఉంచి అదే పెట్టేద్దామండి. అంతకంటే కష్టమైంది ఈ భూప్రపంచంలో లేదండి. నాకే అర్థం కాదు. నా ముందున్నాయనకీ కాలేదు. రిటైరయ్యేరోజు ఆ పటం నా చేతిలో పెట్టి, బావురుమని ఏడ్చేశాడండి పాపం."

"పరిష్కారం లేని లెవెల్ మేం పెట్టం సార్. అది మోసం," అంది కాదంబరి.

"ఊరి పైపులే కదమ్మా! ఉన్న ఊరికి పరిష్కారం లేకుండా ఎలా పోతుంది?" అని కమిషనర్‌గారు సంతకం చేసేశారు. పటంలో ఏముందో మాత్రం ఆయన చూడలేదు. ఆయన అంతస్తులో ఉన్నవాళ్ళు పటాలు ఆవిష్కరిస్తారు, చదవరు.

మూడో ఆవృత్తి దెబ్బకి ఊరు చతికిలబడింది. కోచింగ్ సెంటర్ తలుపులు మూసుకుంది. ఎవరి వీధికీ నీళ్ళు రావు. నీళ్ళు గోదారిలో బయల్దేరి, నాలుగు వీధులు దాటి, ఎటో జారిపోతాయి. ఎక్కడికో తెలీదు. ఊరంతా "ఛ, తప్పు నాదే" అనుకుంటూ తలలు పట్టుకుంది. కమిషనర్‌గారు కాదంబరికి శాలువా కప్పారు.

ఆ శాలువా తీసుకుని ఇంటికొచ్చేసరికి మాణిక్యాంబ వంటింటి గడప మీద కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని సున్నపుబట్టీ వీధి లెవెల్‌తో కుస్తీ పడుతోంది. ఊళ్ళో మొదటి రెండు ఆవృత్తులూ అందరికంటే ముందు గెలిచింది ఆవిడే. ఆ సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు, తెలియకుండా ఆవిడ ఊరుకోదు.

"ఏమే కోడలా, మూడుపూటలా వండిపెట్టే అత్తకి ఇలాంటి లెవెలా పెట్టేది? నీకూ నాకూ ఏవైనా పాత పగలున్నాయేంటే?"

"ఇది నేను కట్టింది కాదు అత్తయ్యగారూ. ఊరు కట్టింది."

"మరి నువ్వన్నా గెలిచావా?"

కాదంబరి తల అడ్డంగా ఊపింది. గెలవలేదు. తన పేరుతో ఒక లెవెల్ ఊళ్ళోకి వెళ్ళి, దానికి దారుందో లేదో తనకే తెలియకపోవడం ఆమెకి ఎప్పుడూ జరగలేదు. సిగ్గుగా ఉంది. శాలువా కుర్చీ మీద పడేసి, అత్తగారి పక్కన గడప మీద కూలబడింది. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి చూశారు. నీళ్ళు వచ్చాయి, మలుపు తిరిగాయి, మాయమయ్యాయి. ఎన్నిసార్లు ఆడినా అంతే.

మాణిక్యాంబ ఫోను కింద పెట్టి, చెడిన మణికట్టు రుద్దుకుంది. "మనం ఇందాకట్నుంచీ వాల్వులన్నీ విప్పుతానే ఉన్నాం. ఒక్కటైనా కట్టేశామా? మా పుట్టింట్లో పెరటి కుళాయిలో నీళ్ళు రాకపోతే మా అమ్మ ఏం చేసేదనుకున్నావ్? స్నానాలగదిలో మా నాన్న తిప్పిన కుళాయి కట్టేసేది. నాన్న సబ్బు మొహంతో కేకలేసేవాడు. వెయ్యనీ."

ఆవిడ మళ్ళీ ఫోను తీసింది. ఈసారి ఇంటివైపు చూడలేదు. నీళ్ళు ఎటు జారిపోతున్నాయో వేలితో ఆ వెంబడే వెళ్ళింది. సన్నపైపుల మధ్యనుంచి ఒక లావుపాటి పైపు పక్కకి చీలి, గట్టువైపు వెళ్ళి, 'అధికారుల నివాసాలు, ఉద్యానవనం' దగ్గర ఆగింది. దాని మొదట్లో ఒక వాల్వు ఉంది. ఆవిడ దాన్ని కట్టేసింది.

నీళ్ళు ఒక్క క్షణం తడబడి, గిర్రున తిరిగి, సున్నపుబట్టీ వీధి పొడుగునా పరిగెత్తుకొచ్చి బిందెలో పడ్డాయి. గంట మోగింది.

"గెలిచానే!" అని మాణిక్యాంబ కేకేసింది. తర్వాత ఇద్దరూ ఒకేసారి తలతిప్పి వాకిటి ముందున్న వీధి కుళాయివైపు చూశారు. కుళాయి మీద కాకి కూర్చుని ఉంది. ఫోనులో అక్షరాలు వచ్చాయి: 'అభినందనలు. మీ వీధికి నీరు చేరినట్లుగా భావించడమైనది.'

"భావించడానికేం, భావిస్తారు," అంది మాణిక్యాంబ. గొంతులో ఉత్సాహం దిగిపోయింది. కాదంబరికి ఏడుపొచ్చినంత పనైంది. గెలిచినవాళ్ళని ఇంత చిన్నబుచ్చే ఆట తను ఇంతకుముందెప్పుడూ చెయ్యలేదు.

కాఫీ తాగి గ్లాసులు కడగకుండా పక్కన పెడుతుండగా, వాకిట్లో మోపెడ్ ఆగింది. నీళ్ళ ఫిట్టర్ గంగరాజు. వాల్వులు తిప్పే పొడుగాటి ఇనపకడ్డీ భుజం మీద ఉంది.

"గెలిచింది తమరేనాండీ?" అన్నాడు మాణిక్యాంబతో. "నాకు మెసేజ్ వచ్చిందండి. సున్నపుబట్టీ వీధి పూర్తి, ఉద్యానవనం వాల్వు మూత, సిబ్బంది తదనుగుణంగా వ్యవహరించవలెను అని. అందుకే వ్యవహరించి వత్తన్నానండి."

"అంటే?" అంది కాదంబరి.

"వాల్వు కట్టేశానండి."

"ఇన్నాళ్ళూ అందరూ గెలిచారు కదా, ఎప్పుడూ కట్టలేదేం?"

"అప్పుడు మెసేజుల్లో వచ్చిన వాల్వులు భూమ్మీద లేవండి. ఎతికెతికి ఇంటికెళ్ళిపోయేవోణ్ణి. ఇది మాత్రం ఉందండి. అయ్యగారి బంగళా వెనకాల. నిన్ననే గ్రీజు కూడా రాశానండి."

ఆ మాట పూర్తయ్యేలోగా కుళాయి దగ్గింది. కాకి ఎగిరిపోయింది. ముందు గాలి, తర్వాత ఎర్రటి తుప్పు, తర్వాత బురద, ఆ తర్వాత నీళ్ళు. నిజం నీళ్ళు. వీధిలో ఇంటింటా అరుపులు లేచాయి. ఎవరో పళ్ళెం మీద గరిటెతో వాయిస్తున్నారు. మాణిక్యాంబ పరిగెత్తలేదు. నెమ్మదిగా వెళ్ళి, మడతపడని ఎడమచేతిని ధార కింద పెట్టి అలాగే నిలబడింది. ఎంతసేపటికీ తియ్యలేదు. కాదంబరి చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడిపోయింది. తను కట్టిన ఆటల్లో ఇంతమంది ఒకేసారి గెలవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

మర్నాటికి గట్టు మీద అధికారుల నివాసాల్లో గలభా మొదలైంది. కమిషనర్‌గారి పచ్చిక వాడింది, గులాబీలు తలవాల్చాయి, రాతి హంస నోట్లోంచి వచ్చే ఫౌంటెన్ ఆగిపోయింది. అదయితే పరవాలేదు, స్నానాలగదిలోనూ రావడంలేదు. ఆయన గంగరాజుని పిలిచి వాల్వు తిప్పమన్నారు.

"లెవెల్ పూర్తయినట్టు మెసేజ్ రావాలండి," అన్నాడు గంగరాజు వినయంగా. "ఉత్తర్వు మీద సంతకం తమదేనండి."

ఉత్తర్వు రద్దు చేద్దామా అంటే, జలతృప్త పట్టణం చూడడానికి పైనుంచి బృందం దారిలో ఉంది. రద్దు చేస్తే, ఇన్నాళ్ళూ నీరు చేరినట్లు భావించిందంతా వట్టిదేనా అని అడుగుతారు. కమిషనర్‌గారు తలుపేసుకుని తమ వీధి లెవెల్ ఆడారు. మొదట పొక్లెయిన్ తెంపింది. తర్వాత భోజన విరామం వచ్చింది. చివరికి ఉద్యానవనం వాల్వు దొరికింది గానీ, దాన్ని మరొక వీధివారు తిప్పి గెలిచి ఉన్నారు, తిప్పరాదు. ఆయన భార్య తలుపు అవతలినుంచి, స్నానం ఎప్పుడని అడిగింది. "ఛ, తప్పు నాదే," అన్నారు కమిషనర్‌గారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

సాయంత్రం సున్నపుబట్టీ వీధిలో ఆయన కారు ఆగింది. ఈసారి అద్దం దించలేదు, తలుపే తీశారు. కాదంబరి వాకిట్లో కుర్చీ వేసింది. మాణిక్యాంబ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ అరుగు మీదే కూర్చుంది, లేవలేదు.

"అమ్మా, మా వీధి లెవెల్ ఒక్కటీ కొంచెం సులభం చెయ్యాలమ్మా," అన్నారాయన. మాటలో ఉత్తర్వు వాసన పోయింది.

కాదంబరి చేతులు కట్టుకుంది. "సులభం చేస్తే అభివృద్ధి కిందకి వస్తుందట సార్. పైనుంచి అనుమతి రావాలని సోమలింగంగారు చెప్పారు కదా. కష్టం చెయ్యమంటే మాత్రం ఇప్పుడే చేసిస్తాను. మరమ్మతే కదండీ."

కమిషనర్‌గారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. మాణిక్యాంబ చేట పక్కన పెట్టి లోపలికెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "తాగండి బాబూ. మా కుళాయివే."

ఆయన గటగటా తాగేశారు. గ్లాసు తిరిగిస్తూ, గొంతు తగ్గించి, "ఒక్క బిందెడు..." అని ఆగిపోయారు.

"బిందె తెచ్చుకున్నారా?"

డ్రైవరు అప్పటికే డిక్కీ తీశాడు. అందులో తళతళలాడే స్టీలు బిందెలు రెండున్నాయి. వాడకం తెలియని బిందెలని చూడగానే తెలుస్తోంది.

వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. నీళ్ళొచ్చి ఒక రోజు గడిచినా నమ్మకం కుదరక, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ పట్టుకొచ్చి నింపుకుంటున్నారు. మాణిక్యాంబ ఆ వరస చివరివైపు గెడ్డంతో చూపించింది.

"వరసలో పెట్టండి బాబూ. ముందువాళ్ళని తోసుకుంటే ఊరుకోరు, మా వీధివాళ్ళు గెలిచినవాళ్ళు."

కమిషనర్‌గారు వెళ్ళి వరస చివర బిందెలు పెట్టారు. ముందు చాలామంది ఉన్నారు. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, జేబులోంచి ఫోను తీసి, మొదటి ఆవృత్తి మొదటి లెవెల్ నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.